వీపు మీద ఇంజను

మా ఇంటికి మొదట వచ్చిన ఇంజను మాది కాదు. మా నాయన వీపు మీద ఎక్కి వచ్చింది. అది ఆసామిది. మిరప తోటకూ పత్తి చేలకూ మందు కొట్టే తైవాన్ పంపు. మర్నాడు తెల్లారుజామునే ఇంకో చేలోకి పోవాల్సి ఉంటే ఆ రాత్రికి మా గుడిసె చూరు కిందే ఉండేది. "దాని దగ్గరికి పోకండిరా, మందు వాసన" అని అమ్మ మమ్మల్ని అదిలించేది. ఆ వాసన నాయన చొక్కాకీ ఉండేది, నాయన పడుకునే దుప్పటికీ ఉండేది. వాటి నుంచి మమ్మల్ని ఎట్లా అదిలిస్తుంది?

మాది జగ్గయ్యపేట మండలంలో ఒక ఊరు. ఊరు అంటున్నాను గానీ మాది ఊరు కాదు, మాదిగ గూడెం. 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లా, ఆ తర్వాత ఎన్టీఆర్ జిల్లా. జిల్లా పేరు మారింది గానీ మెట్ట మెట్టగానే ఉంది. నందిగామ పక్క మునేరు, పేట పక్క పాలేరు పారుతున్నా మా చుట్టుపక్కల సాగంతా నల్లరేగడి మీదా, వాన మీదా, బోర్ల మీదా. సాగర్ ఎడమ కాలవ నీళ్లు చివరి భూములకు వచ్చినప్పుడే వచ్చినట్టు లెక్క. అందుకే ఇక్కడ వరి కన్నా పత్తి, మిరప. పత్తి, మిరప అంటే పురుగు. పురుగంటే మందు. మందంటే మా గూడెం.

మా తాత మోట బొక్కెనలు కుట్టేవాడు. బొక్కెన ఎక్కడ కారుతుందో చెయ్యి పెట్టి చెప్పేవాడట. తోలు కుట్టినందుకు ఆయన్ని దూరం నిలబెట్టినవాళ్లే ఆ బొక్కెన తోడిన నీళ్లతో పంటలు పండించుకున్నారు. కరెంటు మోటార్లు వచ్చి మోట పోయింది. తాత చేతి విద్య పోయింది. ఆయన కొడుకు వీపు మీదికి ఇంజను ఎక్కింది. మేం యంత్రాలు తెలియనివాళ్లం కాదు, యంత్రాలు సొంతం కానివాళ్లం. ఈ తేడా నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ పంపు సంగతి చెప్పాలి. ట్యాంకులో ఇరవై లీటర్ల మందునీళ్లు పడతాయి. ఇంజను బరువుతో కలిపి ముప్పై కిలోల దాకా ఉంటుంది. కింద ఉండేది చిన్న టూ స్ట్రోక్ ఇంజను. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి మంట పుడుతుంది. దీంట్లో చుట్టు చుట్టుకీ పుడుతుంది. అందుకే అంత చిన్న ఇంజనుకి అంత బలం, అంత మోత, అంత అదురు. దీనికి విడిగా ఆయిలు తొట్టి ఉండదు. పెట్రోల్లోనే టూటీ ఆయిలు కలిపి పొయ్యాలి. లీటరు పెట్రోలుకి కొన్ని ఇంజన్లకు 20 మిల్లీలు, కొన్నింటికి 40 మిల్లీలు. ఏ ఇంజను కొలత దానిదే. తక్కువైతే పిస్టను ఎండి పట్టేస్తుంది. ఎక్కువైతే ప్లగ్గు మసి పట్టి తడిసిపోతుంది, సైలెన్సరు బొగ్గుతో పూడుకుపోతుంది.

ఇంజను సరిగా నడవకపోవడాన్ని మా నాయన "ఎక్కిళ్లు పెడతంది" అనేవాడు. వీపు మీద మోసేవాడికి ఆ ఎక్కిళ్లు చెవికన్నా ముందు వెన్నుకి తెలుస్తాయి. ఎక్కిలి వచ్చినప్పుడల్లా నాజిల్లో మందు ధార తెగుతుంది. ఆగిపోతే పంపు దించాలి, తాడు లాగాలి, మళ్లీ ఎత్తుకోవాలి. ముప్పై కిలోలు దించి ఎత్తడం రోజుకి ఎన్నిసార్లో ఎవరూ లెక్క రాయరు. ట్యాంకుల లెక్కన కూలి కాబట్టి ఆగిన పొద్దుకి కూలి లేదు.

2007 నవంబరులో ఇట్లాగే ఒక పంపు మూడు రోజులు ఏడిపించింది. తాడు లాగితే చక్కగా అందుకునేది. పది పదిహేను నిమిషాలు బాగా నడిచేది. తర్వాత ఎక్కిళ్లు, ఆ తర్వాత చావు. కాసేపు ఆగితే మళ్లీ నడిచేది. మూడో రోజు ఆసామి చేనుగట్టు మీదికి వచ్చాడు. పెట్రోలూ ఆయిలూ కలిపి క్యానులో పంపేది ఆయన మనిషే. అయినా ఆయన అన్న మాట ఇది: "పెట్రోలు అమ్ముకుని నీళ్లు కలిపుంటావురా. మీ జాతే అంత." మూడు రోజుల కూలి ఆపేశాడు. బాగుచేయించిన ఖర్చు కూడా నాయన మీదే అన్నాడు.

నేనప్పుడు నందిగామలో డిగ్రీ చదువుతున్నాను. మా వంశంలో డిగ్రీ మెట్టెక్కిన మొదటివాణ్ణి. భౌతికశాస్త్రంలో కార్నో ఇంజను పాఠం అయింది. ఆ ఇంజనుకి ప్లగ్గు లేదు, పొగ లేదు, దాన్ని మోసే వీపూ లేదు. పరీక్షకి అది చాలు. మా నాయన మీద పడ్డ దొంగతనానికి చాలదు. సెలవుల్లో పేటలో ఒక మెకానిక్ భాయ్ దగ్గర స్పానర్లు అందించే పనికి పోయేవాణ్ణి. నాయనా నేనూ పంపుని సైకిలుకి కట్టుకొని ఆ భాయ్ దగ్గరికే పోయాం.

భాయ్ ముందు ఏదీ విప్పలేదు. "ఎప్పుడు ఆగుతుంది? ఎంతసేపు నడిచాక? ఆగేముందు రేసు పెరుగుతుందా, తగ్గుతుందా? పొగ ఏ రంగు?" అని నాయన్ని అడిగాడు. మా నాయన్ని ఒక మనిషి అన్ని ప్రశ్నలు అడగడం, జవాబులు శ్రద్ధగా వినడం నేను మొదటిసారి చూశాను. నాయన అన్నిటికీ చెప్పాడు. చివర్లో ఇంకోటి చెప్పాడు: "పెట్రోలు మూత తిప్పితే ఉస్సుమని గాలి లాగుతది భాయ్. అప్పుడు నడుస్తది."

భాయ్ నవ్వి "నువ్వే కనుక్కున్నావు గదా" అన్నాడు.

పెట్రోలు ట్యాంకు మూతకి సన్నటి రంధ్రం ఉంటుంది. పెట్రోలు కిందికి దిగే కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. రంధ్రం మూసుకుపోతే లోపల గాలి పలచబడి పెట్రోలు కిందికి రాదు. ఇంజను ఆకలితో ఎక్కిళ్లు పెట్టి ఆగుతుంది. మూత వదులు చేస్తే మళ్లీ నడుస్తుంది. మా పంపు మూతలో దుమ్మూ మందుపొడీ గట్టిపడి ఉన్నాయి. సన్నటి తీగతో పొడిస్తే ఊడిపోయాయి.

అంతటితో వదల్లేదు. ట్యాంకులో పెట్రోలు గాజుసీసాలోకి పట్టాం. నీళ్లు పెట్రోలుకన్నా బరువు. కలిపి ఉంటే అడుక్కి దిగి గీత కనపడుతుంది. గంటసేపు కదలకుండా ఉంచాం. గీత లేదు. తర్వాత ప్లగ్గు విప్పాం. ప్లగ్గు కొస ఇటికరంగులో ఉంటే ఇంజను ఆరోగ్యం. తెల్లగా పాలిపోతే పెట్రోలు చాలక వేడెక్కినట్టు. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిలో పెట్రోలో ఎక్కువైనట్టు, లేదా గాలి ఫిల్టరు పూడినట్టు. మాది నల్ల జిడ్డు. ఫిల్టరు కడిగినదే. అంటే క్యానులో ఆయిలు కొలత తప్పింది. అది కలిపిన చెయ్యి మాది కాదు. సైలెన్సరు నోట్లో బొగ్గు గోకాం, ప్లగ్గు తుడిచి మొనల సందు సరిచేశాం. ఇవన్నీ అయినా నడవకపోతే కార్బురేటరు జెట్టు, ఆ తర్వాత క్రాంకు సీళ్లలో గాలి దూరుతుందేమో, చివరికి రింగులు, కంప్రెషను. తేలిక పని ముందు, కష్టమైన పని వెనక. ఒక్కసారి ఒక్కటే మార్చాలి, మార్చి చూడాలి. భాయ్ నేర్పిన శాస్త్రం ఇది.

మర్నాడు నాయన సీసా పట్టుకొని ఆసామి అరుగు ముందు నిలబడ్డాడు. "బాబుగారూ, నీళ్లుంటే అడుక్కి దిగాలి గదండీ. లేవు చూడండి. మూత బొక్క పూడింది. మిక్చరులో ఆయిలు ఎక్కువైంది" అన్నాడు. ఆయన గొంతు వణకలేదు. ఊళ్లో వాళ్లు నలుగురు చూస్తున్నారు. ఆసామి పంపు నడిపించుకు చూశాడు. అరగంట ఆగకుండా నడిచింది. కూలి ఇచ్చాడు. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

దీని మీద నేను చాలా ఆలోచించాను. ఇంజను చెడితే ప్రతి కారణానికీ ఒక గుర్తు ఉంటుంది. నీళ్లు సీసాలో కనపడతాయి, ఆయిలు ప్లగ్గు మీద, దుమ్ము ఫిల్టరులో. కులం ఏ ప్లగ్గు మీద మసిగా కనపడింది? అయినా అందరికన్నా ముందు వెతికేది అక్కడే. కులమంటే శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన అని అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో చెప్పాడు. మా చేనుగట్టు మీద ఆ విభజన స్పష్టంగా ఉంది. ఇంజను కొన్నవాడు ఒకడు, మిక్చరు కలిపేవాడు ఒకడు, మోసేవాడు ఒకడు. తప్పు మాత్రం మోసేవాడి దగ్గరే పుడుతుంది.

ఇంకో సంగతి ఉంది. ఇంజను ఎక్కిళ్లకి మందు దొరికింది. మా నాయన ఒంటికి దొరకలేదు. నాజిల్ పూడితే నోటితో ఊదేవాళ్లు. ట్యాంకు మూత కారితే వీపంతా తడిసేది. మిరపకి ముడత వచ్చిన ఏడు వారంలో ఎన్నిసార్లు కొట్టేవాళ్లో. ఇంటికొచ్చాక ఒళ్లంతా చెమట, నోట్లో ఊట, చూపు మసక, వాంతి. ఆర్గానోఫాస్ఫేట్ మందుల విషం లక్షణాలు ఇవేనని నేను తర్వాత చదువుకున్నాను. రక్తంలో కోలినెస్టరేజ్ ఎంతుందో చూస్తే ఒంట్లోకి ఎంత ఎక్కిందో అంచనాకి వస్తుంది. 1971 నాటి పురుగుమందుల నియమాల్లో మందు కొట్టేవాళ్లకి పనికి ముందూ, ఆ తర్వాత ఎప్పటికప్పుడూ వైద్య పరీక్ష చెయ్యాలని ఉంది. రక్షణ దుస్తులు ఇవ్వాలని ఉంది. మా నాయన ఇరవై ఏళ్లకు పైగా మందు కొట్టాడు. ఒక్క పరీక్ష జరగలేదు. ఒక్క జత గ్లౌజులు రాలేదు. ముక్కుకి అమ్మ పాత చీర ముక్క కట్టుకునేవాడు.

2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మంది దాకా చనిపోయినప్పుడు దేశమంతా వార్త అయింది. మా గూడెంలో ఆ వార్త విని ఎవరూ ఆశ్చర్యపోలేదు. 2021లో నల్ల తామర పురుగు మిరపని ఊడ్చేసినప్పుడు రైతు నష్టం లెక్క రాశారు. సబబే. మరి ఆ పురుగు మీద రోజూ మందు కొట్టిన వీపుల లెక్క ఎవరు రాశారు? ఇప్పుడు నాయన చేతులు వణుకుతాయి. గ్లాసు పట్టుకుంటే టీ ఒలుకుతుంది. దానికి కారణం మందేనని నిరూపించే సీసా నా దగ్గర లేదు. పరీక్షలు చెయ్యాల్సిన ఏళ్లలో చెయ్యలేదు కాబట్టే లేదు. గుర్తులు దొరక్కుండా చెయ్యడం కూడా ఒక పద్ధతే.

2014 డీఎస్సీలో నాకు ఉద్యోగం వచ్చింది. ఈ మెట్టలోనే ఒక హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతున్నాను. ఒక పాత పంపు ఇంజను పాత ఇనుము కొట్లో కొన్నాను. మందు వాసన పోయేదాకా కడిగి క్లాసులో బల్ల మీద పెట్టాను. ప్లగ్గు విప్పమంటే గూడెం పిల్లలే ముందు లేస్తారు. స్పానరు ఎటు తిప్పాలో వాళ్లకి చెప్పక్కర్లేదు. పుస్తకంలో బొమ్మకి పేర్లు పెట్టడంలో వెనకబడ్డ పిల్లలు ఇక్కడ మిగతావాళ్లకి చెబుతారు. మూత రంధ్రం నేను మైనంతో మూసిపెడతాను. వెతకమంటాను. ఎవరి మీదైనా నేరం మోపే ముందు ఎన్ని చూడాలో బోర్డు మీద వరసగా రాయిస్తాను. ఆ వరస ఇంజనుకి మాత్రమే కాదని వాళ్లకి తెలుసు.

పోయిన ఏడాది తొమ్మిదో తరగతి అమ్మాయి, వాళ్ల నాన్న ఇప్పటికీ మందు కొట్టడానికే పోతాడు, అంతా బాగుచేశాక చెయ్యెత్తి అడిగింది:

"సార్, ఇంజను ఆగకుండా నడిస్తే మా నాన్న ఇంకా ఎక్కువ ట్యాంకులు కొట్టాలి గదా?"

క్లాసు నిశ్శబ్దమైపోయింది. నేను బోర్డు మీద వరస కింద ఇంకో గీత గీసి ఆ ప్రశ్న అట్లాగే రాశాను. కింద ఆ 1971 నియమాలు తెలుగులో రాసిచ్చాను. పిల్లలు నోటు పుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు. ఆ సాయంత్రం ఆ పిల్ల తన పుస్తకం నాన్నకి చదివి వినిపించిందట. ఇప్పుడు వాళ్ల గూడెంలో మందు కొట్టేవాళ్లు పదకొండు మంది గ్లౌజులూ మాస్కులూ ఇస్తేనే పంపు ఎత్తుతామంటున్నారు. ఇద్దరు ఆసాములు ఇచ్చారు. మిగతావాళ్లు బయటి నుంచి మనుషుల్ని తెచ్చుకుంటామని బెదిరిస్తున్నారు. వచ్చేవాళ్లూ మనవాళ్లే. వాళ్ల గూడేలకీ ఈ కాగితం చేరాలి.