ట్రంపెట్‌లో గమకం

ట్రంపెట్ అనగానే మనకి గుర్తొచ్చేది పెళ్లి ఊరేగింపు. ఎర్ర కోట్లు, టోపీలు, డ్రమ్ముల మోత, వాటన్నిటి మీదుగా చెవులు గింగురుమనిపించే సినిమా పాట. జాన్ హాసెల్ ట్రంపెట్ వింటే ఆ బొమ్మంతా చెదిరిపోతుంది. అసలది ఇత్తడి వాద్యమంటే నమ్మబుద్ధి కాదు. వేణువుకీ, శంఖానికీ, మనిషి గొంతుకీ మధ్య ఎక్కడో ఉంటుందా నాదం.

నేను చెబుతున్న ఆల్బమ్ పేరు ‘ఫాసినోమా’. 1999లో వచ్చింది. నిర్మాత గిటారిస్టు రై కూడర్. పియానో మీద జాకీ టెరాసన్, పక్కన మన రోను మజుందార్ వేణువు. ‘నేచర్ బాయ్’, ‘పాయిన్సియానా’ లాంటి పాత అమెరికన్ పాటల్ని తీసుకుని, రాగాలాపన చేసినట్టు నింపాదిగా విప్పుతారు. ఎంత నింపాదిగా అంటే, హడావుడిలో వింటే విసుగొస్తుంది. భోజనాలయ్యాక, వీధి సద్దుమణిగాక పెట్టుకోవాలి.

ఫ్యూజన్ అంటే నాకు మొదట్నుంచీ కాస్త అనుమానమే. గిటారు కింద తబలా దరువు అతికించి ‘తూర్పు పడమరల సంగమం’ అని అట్ట మీద రాసుకున్నవి బోలెడు విన్నాం. హాసెల్ దారి వేరు. 1937లో మెంఫిస్‌లో పుట్టిన ఈయన జర్మనీ వెళ్లి స్టాక్‌హౌసెన్ దగ్గర ఆధునిక సంగీతం చదువుకున్నాడు. అంత చదువూ అయ్యాక, 1970ల మొదట్లో, కిరానా ఘరానా గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్‌కి శిష్యుడై మళ్లీ మొదట్నుంచి కూర్చున్నాడు. ఆయన దగ్గర నేర్చుకుంది ట్రంపెట్ కాదు, పాట! గొంతులో పలికిన ఆ వంపుల్ని తిరిగి ఇత్తడి గొట్టంలోకి తేవడానికి నానా తంటాలూ పడ్డాడు.

అంత కష్టం ఎందుకంటారా? ట్రంపెట్‌కి ఉండేవి మూడే బటన్లు. నొక్కితే లోపల గాలి తిరిగే గొట్టం పొడవు పెరుగుతుంది, స్వరం ఒక మెట్టు దిగుతుంది. కానీ గమకానికి మెట్లు పనికిరావు. జారుడుబండ కావాలి. ఆ జారుడంతా పెదవులతో, ఊపిరితో రాబట్టాల్సిందే.

నాదస్వరానికి ఈ చిక్కు తక్కువ. వేలితో రంధ్రాన్ని సగం మూసి, ఊపిరి బిగువు మారిస్తే స్వరం వంగుతుంది. కానీ దానికీ గురువు కావాలి. ఒంగోలు పక్కన కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా తంజావూరు బాణీ కోసం కావేరి ఒడ్డుకు వెళ్లి నాచియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర నేర్చుకున్నారు. శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. 1998లో సంగీత కళానిధి అయ్యారు. మరుసటి ఏడాది కన్నుమూశారు. ‘ఫాసినోమా’ వచ్చిందీ ఆ ఏడాదే. అందులో ఒక పాట పేరు ‘మెవ్లానా డ్యూక్’. మనం మౌలానా అనే మాటనే తుర్కీలో మెవ్లానా అంటారు. అక్కడ అది సూఫీ కవి రూమీకి పేరు. కాకతాళీయమే, కాదనను. అయినా ఆ పాట వచ్చినప్పుడల్లా నాకు కరవదే గుర్తొస్తుంది.

గిద్దలూరులో మా వీధిలో ఒక బ్యాండు మేళం పెద్దాయన ఉన్నాడు. దొనకొండ నుంచి దిగువమెట్ట దాకా, రైలు ఆగే ప్రతి ఊళ్లోనూ పెళ్లిళ్లకు ట్రంపెట్ వాయించినవాడు. స్వరాలు రాసుకోవడం తెలీదు, అంతా చెవితో పట్టిందే. తెల్లదొరల సైన్యం వెంట వచ్చిన వాద్యం, బొంబాయి పాట, నల్లమల కింద పెళ్లి పందిరి... ఆయన్నెవరూ ఫ్యూజన్ కళాకారుడని అనలేదు. ముందు పళ్లు ఊడిపోయాక వాయించడం ఆగిపోయింది. పెదవికి ఆనిక లేకపోతే ట్రంపెట్ పలకదు. కొడుకు డీజే బాక్సులు అద్దెకిస్తాడు. పెళ్లివారికి ట్రంపెట్ మోత కావాలంటే కీబోర్డులో వచ్చేస్తుంది.

మొన్న శ్రావణంలో ఊరెళ్లినప్పుడు ఆయనకి ‘నేచర్ బాయ్’ వినిపించాను. కళ్లు మూసుకున్నాడు. కుడిచేతి మూడు వేళ్లూ మోకాలి మీద కదిలాయి. కాసేపటికి ఆగిపోయాయి.

‘‘బటన్లు దొరకటంలా అబ్బయ్యా. వేళ్లతో గాదు, గొంతుతో వాయిస్తా ఉండాడు’’ అన్నాడు.

గురువు సంగతి చెప్పాను. 2021లో పోయాడనీ, అంతకు ముందు ఏడాది కూడా, ఎనభై మూడేళ్ల వయసులో, కొత్త ఆల్బమ్ తెచ్చాడనీ చెప్పాను.

‘‘అయితే పళ్లు గట్టివే!’’ అన్నాడు పెద్దాయన. తర్వాత గోడకి వేలాడుతున్న గుడ్డసంచీ చూపించాడు. మనవడు అప్పుడప్పుడూ దాన్ని దింపి ఊదుతున్నాడట. ఇంకా సరిగ్గా ‘స’ కూడా నిలవటం లేదట. ‘‘పెళ్లిలో ఇది వాయిస్తే ఎవరూ నిలబడరులే. అయినా వాడి ఫోన్లో ఎక్కించి పో’’ అన్నాడు.