పిలకాయలు గుంటల కాడ

నెల్లూరు నుంచి మైపాడు 25 కిలోమీటర్లు. సముద్రం చూద్దామని బయల్దేరి, తీరం చేరకముందే దారి తప్పాను. అంగడి అరుగు మీద కూర్చున్న పెద్దాయన్ని అడిగాను.

"యాడికి పోవాల సామీ? ఈ కయ్యలు దాటుకోని నేరుగా పో. మా పిలకాయలు గుంటల కాడ ఉండారు, చూపిస్తారు."

నాది శ్రీకాకుళం. మాకు గుంటంటే ఆడపిల్ల, గుంటడంటే మగపిల్లాడు. ఆడుకునే పిల్లల కోసం వెతుక్కుంటూ వరిమళ్ళు దాటాను. ఎదురైంది చెరువులు, నీళ్ళు చిమ్ముతున్న ఏరియేటర్లు, గట్టు మీద ఇద్దరు కుర్రాళ్ళు. గుంటలంటే రొయ్యల చెరువులు, కయ్యలంటే నేను దాటొచ్చిన మళ్ళు, పిలకాయలంటే ఈ పిల్లలు! ఎంత ఆనందమేసిందో. తమిళంలో బిడ్డను పిళ్ళై అంటారు. మన పిల్లా అదీ ఒకే వేరులోంచి వచ్చినవే. అక్కడ అది పెద్దవాళ్ళ పేర్ల చివర గౌరవంగా నిలిచింది, ఇక్కడ పిలకాయై గట్ల మీద పరిగెడుతోంది.

గుంటల దగ్గర మొదటి పలకరింపు "కౌంటెంత?" కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క అది. 100 కౌంటంటే చిన్నవి, 30 అంటే పెద్దవి. అంకె తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. ఒక గుంటను చూపించి కుర్రాళ్ళు "పెద్దకయ్య" అన్నారు. అక్కడ వరి పండడం వాళ్ళు చూడనే లేదు. నెల్లు అంటే వడ్లు, నెల్లూరు పేరు దాన్నుంచే వచ్చిందనేవాళ్ళున్నారు. వరి పోయినా కయ్య అన్న మాట ఆ ఉప్పునీళ్ళలో బతికే ఉంది. నేను అక్కణ్ణుంచి వెంటనే కదల్లేకపోయాను.

తీరంలో అన్నీ ఫైబర్ పడవలే. దుంగల్ని పక్కపక్కన కట్టిన కట్టుమరం ఈ కోరమాండల్ తీరానిదే. తమిళ మరం, మన మాను చుట్టాలు. ఇంగ్లీషువాళ్ళ నోట అది కాటమరాన్ అయి, ఇప్పుడు రెండు పొట్టల పడవకు పేరైంది. దుంగలూ లేవు, కట్టూ లేదు.

మధ్యాహ్నం పెద్దాయన ఇంట్లోనే భోజనం. మామిడికాయ ముక్కలేసిన చేపల పులుసు. "నిన్న మాపు చేసింది, ఇయ్యాలే రుచి" అంది అవ్వ. మా ఇంట్లో పులుసు అంతసేపు ఆగదు. "ఎర్రగడ్డ నంజుకో నాయనా" అంటే ఏ దుంపో అనుకున్నాను, ఉల్లిపాయ పెట్టింది. మీరు వెళ్తే ఆలుగడ్డను ఉర్లగడ్డని అడగండి, అంగట్లో మొహాలు విప్పారతాయి.

గుంట సంగతి చెబితే అవ్వకు నవ్వాగలేదు. గడపలో ఆడుకుంటున్న మనవరాల్ని "ఏమే గుంటా, ఇట్రా" అని పిలిచింది. ఆ పిల్ల వెనక్కి తిరిగి రొయ్యల చెరువుల వైపు చూసింది.