చెట్టు నీడ చరిత్ర

మిరప సీజన్లో తుమ్మకుండా గుంటూరు దాటడం కష్టం! అక్కణ్నుంచి ప్రత్తిపాడు, పెదనందిపాడు, కాకుమాను మీదుగా బాపట్ల వెళ్తుంటే దారి పొడవునా నల్లరేగడి చేలే. ఒకవైపు విచ్చుకున్న పత్తి, మరోవైపు కల్లాల్లో ఎర్రగా పరిచిన మిర్చి. పత్తి తీసేదీ, కాయ కోసేదీ, తొడాలు తీసేదీ ఎక్కువగా ఆడవాళ్లే. సరుకు అమ్మాక కమీషన్ ఏజెంటు రాసిచ్చే చీటీ మీద మాత్రం చాలాసార్లు మగవాళ్ల పేరే ఉంటుంది.

ఈ నేల మీద పండిన అక్షరాల సంగతీ దాదాపు అంతే.

'మాలపల్లి' వెనక...

గుంటూరు అనగానే సాహిత్యాభిమానులకు గుర్తొచ్చే నవల 'మాలపల్లి'. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో ఉండి రాశారని తెలుగు వాచకం చదివినవాళ్లంతా చెబుతారు. మరి ఆయన భార్య లక్ష్మీబాయమ్మ? ఆ నవల వెలువడిన 1922లోనే దంపతులిద్దరూ గుంటూరులో ఆడపిల్లల కోసం శారదా నికేతనం స్థాపించారు. అక్కడ చదువుతో పాటు చేతిపనులూ నేర్పేవారు. ఉప్పు సత్యాగ్రహంలో లక్ష్మీబాయమ్మ జైలుకీ వెళ్లారు. నవల మీద రచయిత పేరుంటుంది. అక్షరాలు దిద్దించిన చేతికి ఏ అట్ట మీదా చోటుండదు.

ఒకే ఊరివాళ్లు

బాపట్లది ఇంకో కథ. చీర కట్టి సత్యభామగా రంగస్థలం మీద వయ్యారాలు పోయిన స్థానం నరసింహారావు ఈ ఊళ్లోనే 1902లో పుట్టారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయనకన్నా ఆరేళ్ల ముందు, 1896లో ఇక్కడే పుట్టారు కనుపర్తి వరలక్ష్మమ్మ. ఆడవాళ్ల మాటను వేషం కట్టి పలికిన మగవాడి గురించి నాటకాభిమానులు ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. ఆ మాటను తానే రాసిన ఆడమనిషి గురించి చెప్పేవాళ్లేరీ?

వరలక్ష్మమ్మకు 1909లో, పదమూడో ఏటే పెళ్లయింది. ఆ తర్వాతే కలం పట్టారు. 'లీలావతి' అనే మారుపేరుతో ఆంధ్రపత్రికలో 'మా చెట్టు నీడ ముచ్చట్లు' రాశారు. 1928లో కె.ఎన్. కేసరి మద్రాసులో 'గృహలక్ష్మి' పత్రిక మొదలుపెట్టాక అందులో 'శారద లేఖలు' రాశారు. శారద తన నేస్తం కల్పలతకు రాసే ఉత్తరాలవి. వాటినిండా బాల్యవివాహాలు, ఆడపిల్లల చదువు, ఖద్దరు... దేశమంతా వాదించుకుంటున్న సంగతులే.

ఉత్తరమే ఎందుకంటారా? ఉపన్యాసం వినాలంటే సభకు వెళ్లాలి. ఉత్తరమైతే పొయ్యి దగ్గర కూర్చునే చదువుకోవచ్చు. చదువురాని అత్తగారికి చదివి వినిపించొచ్చు. గడప దాటలేని ఆడవాళ్ల దగ్గరికి రాజకీయాలే నడిచొచ్చాయన్నమాట! అక్కడితో ఆగలేదామె. 1931లో బాపట్లలో స్త్రీ హితైషిణీ మండలి పెట్టి ఆడవాళ్లను కూడగట్టారు. 1934లో తొలి గృహలక్ష్మి స్వర్ణకంకణం ఆమెనే వరించింది. 1978లో కన్నుమూశారు.

ముచ్చట్లేగా...

అసలు చిక్కంతా ఆ మాటతోనే. మగవాళ్లు అరుగు మీద మాట్లాడుకుంటే చర్చ. ఆడవాళ్లు చెట్టు నీడన మాట్లాడుకుంటే ముచ్చట్లు! వాళ్లు రాస్తే అది కాలక్షేపం. నాట్లప్పుడూ కోతలప్పుడూ పాడితే అది 'జానపదం', కట్టినవాళ్ల పేరుండదు. అచ్చయిన వరలక్ష్మమ్మ రాతలే మరుగున పడ్డాయంటే, కాగితమే ఎక్కని పాటల సంగతి చెప్పేదేముంది? పాడే ముసలమ్మ పోతే పాటా ఆమెతోనే పోతుంది.

అందుకే ఈసారి ఊరెళ్లినప్పుడు అమ్మమ్మనో నాయనమ్మనో ఒక్క పాట పాడమని అడగండి. ఫోన్లో రికార్డు చేసుకోండి, లేదంటే కాగితం మీద రాసుకోండి. కింద ఆమె పేరు, ఊరు కూడా రాయడం మర్చిపోకండి.