రోడ్డుకు ముందు భుజాలు

సిమ్‌భంజ్యాంగ్ కనుమ ఇంకెంత దూరమని అడిగితే, టీ కొట్టు దిదీ గ్లాసు చేతిలో పెట్టి "వచ్చేసినట్టే భాయ్" అంది.
ఆ తర్వాత మలుపులే మలుపులు!

నేపాల్‌లో హెటౌడా నుంచి త్రిభువన్ రాజపథ్ మీద ఒక్కడినే సైకిల్ తొక్కుతున్నా. కనుమ ఎత్తు 2,488 మీటర్లు. అన్నిటికన్నా చిన్న గేరులో, దాదాపు నడక వేగంతో. గడ్డం మీంచి చెమట హ్యాండిల్ మీద పడుతోంది.

1950ల్లో భారత్ సాయంతో ఈ రోడ్డు పడేదాకా బయటి నుంచి కాఠ్మాండూకి మోటారు దారే లేదు. అక్కడ తిరిగిన కార్లను కూడా కూలీలు పొడవాటి బొంగుల మీద కట్టుకుని, కొండలు దాటించి మోసుకెళ్లారు.
కార్లను. భుజాల మీద.

నాకేమో వెనక చక్రానికి అటో సంచి, ఇటో సంచి. ఆ బరువుకే తొడలు పట్టేస్తున్నాయి.

ఒంటరి ప్రయాణం అంటాం గానీ, ఎవరో కొండ తొలిచారు, ఎవరో కంకర కొట్టారు, ఈ ఎత్తున ఎవరో టీ కాస్తున్నారు. రోడ్డుకి రాజు పేరుంది. మోసినవాళ్ల పేర్లు రాసి ఉండగా నేనెక్కడా చూడలేదు.

మీ ఇంట్లో రోడ్డు పనికెళ్లిన తాతలు, అమ్మమ్మలు ఉన్నారా? ఏ రోడ్డో, వాళ్ల పేరేంటో కింద రాయండి. ప్రతి పేరూ చదువుతాను.