కల్పిత క్రీడాకారులు - సమన్యాయము

పిల్లలు తెరమీద నాడు ఆటలను గూర్చి "కండ్లు చెడును, చదువు చెడును" అనుట తప్ప మనము వేరొక మాట యాడుట యరుదు. ఆ రెండు మాటలును నిజమే. అయినను ఆ యాటలలో నొక ధర్మసందేహము కలదు. దానిని పిల్లలే మనకంటె ముందు కనిపెట్టినారు.

ఈ క్రీడలలో ఆటగాండ్రు రెండు తెగలవారు. కంపెనీవారు సిద్ధపరచి యిచ్చినవారు కొందరు. వారి బలము, వేగము, నేర్పు ముందే అంకెలలో నిర్ణయింపబడి యుండును. తక్కినవారు ఆడువారు తామై కల్పించుకొన్నవారు. వారి పేరు, ఎత్తు, రూపు, నేర్పు అన్నియు మన యిచ్చ. అంగడిలో కొన్న రవికెకును, కొలతలిచ్చి కుట్టించుకొన్న రవికెకును గల భేద మిదియే.

కల్పించుకొన్నంత మాత్రమున దొంగయాట యనరాదు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున బిగ్ యాంట్ స్టూడియోస్ అను సంస్థ 2014లో 'డాన్ బ్రాడ్‌మన్ క్రికెట్ 14' అను ఆటను వెలువరించినది. నిజమైన జట్ల పేర్లు వాడుకొను హక్కులు వారికి చాలవరకు లేవు. అందుచే 'క్రికెట్ అకాడమీ' యను విభాగము పెట్టి, ఆటగాండ్రను మీరే చేసికొని పదుగురితో పంచుకొనుడనిరి. అభిమానులు ఓపికతో కూర్చుండి తమ తమ దేశముల జట్లను తయారుచేసినారు.

గడచిన వేసవిలో మా ఆడపడుచు కుమారుడు విజయనగరమునుండి వచ్చి మా యింట కొన్నాళ్లుండెను. వాడును, పన్నెండేండ్ల మా అమ్మాయియు నిట్టి క్రికెట్టాట నాడుచుండిరి. మా పిల్ల తన పేరుతో నొక బౌలరును కల్పించి, గల నేర్పులన్నిటిని నిండుగా నింపినది. వాడెంచుకొన్న పేరుమోసిన బ్యాట్స్‌మన్లు వరుసగా వెనుదిరిగిరి. "అత్తా, ఇది అన్యాయం! ఇంక సొంతంగా చేసుకున్నవాళ్లు వద్దు" అని వాడు. "ఓడిపోయాకా బావా, రూలు?" అని యిది.

ఇద్దరి మాటలోను సగము న్యాయమున్నది. మీటరు గుడ్డలో చేతులు పొడవు కావలెనన్న వేరొకచోట తగ్గించుకొనవలసినదే. గుడ్డకు కొలతయే లేనిచో దర్జీ నేర్పెక్కడ? కాని బావ కోరినది మరింత పాతదైన అన్యాయము. నన్నయగారి ఆదిపర్వము చదివినవారికి ఏకలవ్యుడు జ్ఞాపకముండును. మట్టితో గురువు ప్రతిమను చేసికొని, తన్ను తానే విలుకానిగా తీర్చుకొన్నవాడతడు. అర్జునునికి సాటి యుండరాదని ద్రోణుడు వాని కుడిచేతి బొటనవ్రేలు నడిగెను. గెలిచినవాని నేర్పును వెనుకనుండి కోయుటను సమానత్వమనుటకు నాకు నోరు రాదు.

ముందే తెలిసిన నియమ మెట్లుండునో మన జిల్లా ఆడపడుచు చూపినది. ఆమదాలవలస చెంతనున్న ఊసవానిపేట బిడ్డ కరణం మల్లీశ్వరి 1994, 1995 సంవత్సరములలో 54 కిలోల తరగతిలో ప్రపంచ విజేత. 2000లో సిడ్నీ ఒలింపిక్సులో, స్త్రీలకు బరువులెత్తు పోటీలు మొదటిసారి పెట్టిననాడు, ఆమె 69 కిలోల తరగతిలో 110, 130 కిలోలెత్తి, మొత్తము 240తో కంచు పతకమందినది. ఆమెకు ముందున్న ఇద్దరును సరిగా 242.5 కిలోలే యెత్తిరి. స్వర్ణము చైనా యువతికి, రజతము హంగేరీ యువతికి వచ్చినది. కారణమేమన, చైనా యువతి దేహపు బరువు తక్కువ. ఆ నియమము పోటీకి ముందే అందరికి తెలియును గనుక ఎవరి వ్రేలును కోయనక్కరలేకపోయినది.

మా యింట నేనును ఒక మొత్తపు అంకె వ్రాసియిచ్చి, దానికి మించకుండ నేర్పులు పంచుకొనుడంటిని. వేగము పెంచిన గురి తగ్గవలెను. వెంటనే అలుకలు తీరినవి.

ముక్కు మొగ మెరుగనివారు ఆన్‌లైనులో నెదురుపడినచో తగవు తీర్చుటకు అత్త యుండదు. అమెరికావారి 'ఎన్‌బీఏ 2కే' యను బాస్కెట్‌బాల్ ఆటలో కంపెనీవారే ఆ పని చేసినారు. కల్పించుకొను ఆటగానికి ఎత్తు పెంచినకొలది వేగమునకు గల హద్దు తగ్గును. ఇది మెచ్చదగినదే. కాని ఆ హద్దువరకు నేర్పు పెంచుటకు 'వీసీ' యను ఆటనాణెములు వలయును. వానిని ఆడి సంపాదింపవచ్చును. నిజమైన రూకలిచ్చి కొననువచ్చును. అనగా తండ్రి జేబు బరువును తూచు తరగతి మాత్రము లేదు! పిల్లల చేతికి బ్యాంకు కార్డు నిచ్చు తల్లులు ఈ సంగతి నెరిగియుండుట మంచిది.

మా వారు బడిపంతులు గనుక నియమమనిన ప్రీతి. పందెపుటాటలలో కల్పితులను పూర్తిగా తీసివేసిన తగవే యుండదని వారందురు. నే నొప్పుకొనను. కంపెనీవారి పట్టికలో నాగావళి యొడ్డున పుట్టిన కురుచ పిల్ల, ఎడమచేతివాటముది, ఎక్కడ నున్నది? సిద్ధముగా నున్నవారే యాడవలెనన్నచో మా పిల్ల ఎల్లప్పుడు ఇతరుల పేరుతోనే యాడవలెను గదా? దీనికి వారింకను బదులు చెప్పలేదు. పరీక్ష కాగితములు దిద్దుకొనుచున్నారు.