నాయన సందుగ

మొన్న దసరాకు దేవరకొండ దగ్గరి మా ఊరికి వెళ్ళినప్పుడు అటక మీది రేకు సందుగను దించవలసి వచ్చింది. తెలుగు పండితుడిగా పనిచేసిన ముప్ఫై యేండ్లలో నాయన కూడబెట్టిన ఆస్తి అదొక్కటే. భారతి సంచికలు, ఉగాది ప్రత్యేక సంచికలు, కత్తిరించి అట్టలకు అంటించిన వ్యాసాలు. చూపు మందగించి ఆయన వాటిని విప్పడం మానివేసి అయిదేండ్లయింది. ఇల్లు అమ్మే మాట నడుస్తున్నది. పాత పేపర్లవాణ్ణి పిలుద్దామన్నాడు తమ్ముడు. నాయన ఏమీ అనలేదు. కాదని ఉంటే నాకు అంత కష్టం కలిగేది కాదేమో.

"పడెయ్యకుండ్రి మామా, నేను చదువుత" అని అక్క కూతురు ముందుకు వచ్చింది. డిగ్రీ చదువుతున్న పిల్ల. నేను పొంగిపోయి సంచికలన్నీ నెలలవారీగా సర్ది, అన్నిటికంటె పాతదాన్ని ఆమె చేతిలో పెట్టాను. వరుస తప్పకుండా చదివితేనే సాహిత్య పరిణామం బోధపడుతుందని చిన్న ఉపన్యాసం కూడా దంచాను. సాయంత్రానికి ఆ సంచిక నాలుగో పుట దగ్గర బోర్లా పడి ఉన్నది. "ఇన్నిట్ల ఏడ మొదలువెట్టాలె మామా?" అని అడిగిందామె. తేదీల వరుస పోగుచేసినవానికి పనికివస్తుంది గానీ, కొత్తగా వచ్చినవారికి అది గుట్టే.

ఆ రాత్రి నాకు గోలకొండ కవుల సంచిక జ్ఞాపకం వచ్చింది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని ఒక పండితుడు అన్న మాటకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో వెలువరించిన గ్రంథమది. ఆయనది పాలమూరు సీమలోని ఇటిక్యాలపాడు. అప్పటికి ఎనిమిదేండ్లుగా, అంటే 1926 నుంచి, గోలకొండ పత్రికను నడుపుతున్నారు. ఆ పత్రికలోనే నాలుగు ఖండన వ్యాసాలు రాసి ఊరుకొని ఉండవచ్చు. అట్లా చేయక, 354 మంది కవుల రచనలను, వివరాలను ఒక్కచోట చేర్చారు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు కవులను పోషించిన నేల మనది. కవులకు కొదువ లేదు; చదివేవానికి వారి దాకా దారి లేదు. ఆ దారిని వేసిన పుస్తకం కనుకనే అది నేటికీ నిలిచింది.

దారి లేకపోతే ఏమవుతుందో చూడడానికి దూరం పోనక్కరలేదు. షబ్నవీసు వెంకట రామనరసింహారావుగారు 1922లో మన నల్లగొండ నుంచే నీలగిరి పత్రికను వెలువరించారు. ఇవాళ పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు దాని పేరు, సంపాదకుని పేరు తెలుసు. అందులో ఏమున్నదో అడిగితే చెప్పగలిగేవారు అరుదు.

తెల్లవారి నాయన దగ్గర కూర్చుని, "ఈ సందుగలకెల్లి ఈ పిల్ల ఒక్కటే చదవాలంటే ఏది చదవాలె నాయినా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "దేవరకొండ ఖిలా మీద ఒక వ్యాసం ఉంటది. ఎర్రట్టకు అంటించిన" అన్నారు. మేనకోడలు బడిపిల్లగా ఉన్నప్పుడు ఎక్కిన ఖిలా అది. వెతికి తీసి ఆయనకే చదివి వినిపించింది. మధ్యలో ఆయన ఆపి, "దీనికి జవాబుగ రెండేండ్లకు ఇంకొకాయన రాసిండు, అదీ తియ్యి" అన్నారు. ఒకటి మరొకదాన్ని పిలిచింది. ఆ పూట నాయన అన్నం సంగతే మరచిపోయారు.

నాలుగు రోజులు ముగ్గురం కూర్చుని ఒక నోటుబుక్కు నింపాం. తేదీల ప్రకారం కాదు, ఊళ్ళ ప్రకారం. అందులోనూ ఒక చిక్కు వచ్చింది. పాత వ్యాసాల్లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అన్నీ మహబూబ్‌నగర్ జిల్లావే. సూర్యాపేట, భువనగిరి నల్లగొండవి. 2016లో అవన్నీ వేరు జిల్లాలకు పోయాయి. 2019లో నారాయణపేట కూడా విడివడింది. రేపు చదివే పిల్ల తన జిల్లా పేరు వెతికితే ఏమీ దొరకదు. అందుకని పాత పేరు, నేటి పేరు పక్కపక్కనే రాశాం. ఆఖరి గడిలో, దీని తరువాత ఏది చదవాలో మేనకోడలు తన మాటల్లో ఒక్క వాక్యం రాసింది.

ఇల్లు ఉంటుందో పోతుందో ఇంకా తేలలేదు. పేపర్లవాడు మాత్రం ఉత్త చేతులతో తిరిగి వెళ్ళాడు. ఆ నోటుబుక్కు హాస్టలుకు వెళ్ళింది. మొన్న ఫోను చేసి, తన గది స్నేహితురాలిది గద్వాలనీ, గద్వాల వరుసలో మొదటిది ఫోటో తీసి పంపమనీ అడిగింది. నాయనకు చెబితే, "మొదటిది గాదు, మూడోది పంపు. అది బాగుంటది" అన్నారు.

మీ ఇండ్లలోనూ అటకలు ఉండే ఉంటాయి. పెద్దవాళ్ళు ఎదుట ఉండగానే ఒక్కమాట అడిగి చూడండి, ఒక్కటే చదవాలంటే ఏది అని.