తాళంచెవి

తాళం తెరిచే సాధనానికి మనవాళ్ళు తాళంచెవి అని పేరు పెట్టారు. అందులో చెవి ఎందుకున్నదో నిఘంటువులే చెప్పాలి గానీ, మిస్ట్ అనే కంప్యూటరు ఆటలోని కొన్ని తాళాలకు మాత్రం నిజంగానే చెవి కావాలి.

ర్యాండ్ మిల్లర్, రాబిన్ మిల్లర్ అనే అన్నదమ్ములు సయాన్ సంస్థ పక్షాన 1993లో ఈ ఆటను మెకింటోష్ కోసం వెలువరించారు. ఇందులో శత్రువులు లేరు, మరణం లేదు, గడువు లేదు. ఒక నిర్జన ద్వీపం, ఒక గ్రంథాలయం, మూగగా నిలుచున్న యంత్రాలు. ఎవరూ ఏమీ చెప్పరు. చూసి, విని, కాగితం మీద రాసుకుని మనమే గ్రహించాలి.

ద్వీపంలో ఒక రాకెట్టు ఉంది. దానికి సరిగ్గా 59 వోల్టుల విద్యుత్తు అందించాలి. అది కూడికల లెక్క, కాసేపట్లో తేలుతుంది. అసలు కష్టం లోపల ఉంది. గ్రంథాలయంలోని పుస్తకం సూచించిన ఐదు స్వరాలను అక్కడి వాద్యం మీద పలికించి, ఐదు మీటలను ఆ స్వరాలకు సరిపోయేలా జరపాలి. నాకు స్వరజ్ఞానం శూన్యం. వీణ నేర్చిన మా చెల్లెలు వచ్చి, "మీటల వంక చూస్తావేమిటి అన్నయ్యా, కళ్ళు మూసుకుని విను" అంటూ అయిదు నిమిషాల్లో ముగించింది. ఆనందించాను గానీ, ఒక ప్రశ్న మిగిలిపోయింది. బుద్ధిని పరీక్షించవలసిన చిక్కుముడి ఇంద్రియాన్ని పరీక్షించడం న్యాయమేనా? వినికిడి లేనివారికి ఆ తలుపు ఎన్నటికీ తెరుచుకోదు కదా!

ఆ రాకెట్టు చేర్చే లోకంలోనే భూగర్భ పట్టాల చిక్కుదారి ఉంది. ప్రతి మలుపులో ఒక ధ్వని వినిపిస్తుంది, అదే దిక్కు. ఏ ధ్వని ఏ దిక్కో తెలిపే పాఠం మాత్రం మరో లోకంలో, తిరిగే కోట దగ్గర ఉంది. లోకాలను ఏ వరుసలోనైనా చూడవచ్చు కనుక, పాఠం వినకముందే పరీక్షకు కూర్చున్నవారు ఎందరో! వారికి దారిపటం గీసుకోవడమే శరణ్యం.

1997లో వచ్చిన రివెన్ ఇంతకంటే కఠినం, అయినా నా దృష్టిలో ఎక్కువ న్యాయమైనది. అక్కడి అంకెలు 25 ఆధారంగా నడుస్తాయి. 1 గుర్తును పక్కకు తిప్పితే 5, 2 గుర్తును తిప్పితే 10. ఈ రహస్యం ఒక బడిలోని ఆటబొమ్మ నేర్పుతుంది. అంకె పడినప్పుడల్లా వేలాడే మనిషిబొమ్మ సముద్రజంతువు నోటివైపు దిగుతుంది. పసివాళ్ళకు లెక్కలూ భయమూ కలిపి నేర్పిన పాలకుడు ఎటువంటివాడో వేరే చెప్పనక్కరలేదు. చివరికి ఆ అంకెలతోనే 25 గళ్ళ పొడవు, 25 గళ్ళ వెడల్పు గల పలక మీద రంగుగోళీలను వాటి వాటి స్థానాల్లో ఉంచాలి. ఒక్క గడి తప్పినా పనిచేయదు. వారాలు పట్టినా విసుగు రాలేదు. ఎందుకంటే ఆ చిక్కు విప్పుతున్నకొద్దీ ఆ ద్వీపవాసుల బ్రతుకు అర్థమవుతూ వచ్చింది. మన పొడుపుకథల్లోనూ అంతే. జవాబు తెలిశాక ప్రశ్నలోని ప్రతి మాటా అందుకు సాక్ష్యం పలకాలి.

రెండు ఆటలూ ఈమధ్య కొత్త రూపాల్లో వచ్చాయి. 2024 నాటి రివెన్‌లో చిక్కుముళ్ళనే మార్చారు. 2021లో కంప్యూటర్లకు వచ్చిన మిస్ట్‌లో, కోరుకుంటే కొన్ని జవాబులు ఆట ఆటకూ మారే ఏర్పాటు ఉంది. పాత కాగితాలు అక్కడ చెల్లవు. చెల్లెలు ఇప్పుడు దూరదేశంలో ఉంది. రాకెట్టు తలుపు దగ్గర ఆట ఆపి ఉంచాను. పండుగకు ఆమె వచ్చేదాకా వేచి ఉండటమా, కళ్ళు మూసుకుని నేనే వినడమా అన్నది తేలలేదు.